వినుకొండలో జాషువ బాల్యం: ఊరి అంచు – పద్యం గొంతు

వ్యాససంగ్రహం:

గుఱ్ఱం జాషువ (1895–1971) జీవితంపై వచ్చిన పరిశీలనలు ఆయన ఎదుర్కొన్న అవమానాలను విడివిడి సంఘటనలుగా నమోదు చేశాయి. ఆ సంఘటనలు జరిగిన వ్యవసాయ పట్టణం నిర్మాణాన్ని వాటితో కలిపి చదివిన సందర్భాలు తక్కువ. వినుకొండ వంటి మెట్టప్రాంతపు ఊళ్ళో ఇమడలేకపోవడం ఒక బాలుడి స్వభావలక్షణం కాదనీ, వాడ, బడి, మిషను, సభ అనే నాలుగు వ్యవస్థలు అతణ్ణి సగం దూరమే రానిచ్చిన ఫలితమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మనిషికి అడ్డుపడిన హద్దులను పద్యం వినికిడి ద్వారా దాటగలిగింది. జాషువ ఛందోబద్ధ పద్యాన్ని విడువకపోవడానికీ, "గబ్బిలం" కావ్యరూపానికీ ఉన్న చారిత్రక కారణాలను ఈ కోణంలో పరిశీలించడం వ్యాసలక్ష్యం.

కీలకపదాలు: జాషువ, వినుకొండ, పల్నాడు, ఊరు–వాడ, మిషను విద్య, అవధానసభ, పద్యం, గబ్బిలం.

1. ఉపోద్ఘాతం:

జాషువ 1895 సెప్టెంబరు 28న వినుకొండ ప్రాంతంలోని చాట్రగడ్డపాడులో వీరయ్య, లింగమ్మ దంపతులకు జన్మించాడు. తండ్రి యాదవ కులస్థుడు, తల్లి మాదిగ కులస్థురాలు. కుటుంబం క్రైస్తవాన్ని అనుసరించింది. ఈ మూడు విషయాలూ జాషువపై వచ్చిన దాదాపు ప్రతి వ్యాసంలోనూ మొదటి పేరాలో కనిపిస్తాయి, ఆ తరువాత చర్చ కావ్యాల వైపు మళ్ళుతుంది. నిజానికి ఈ మూడు విషయాలలో ప్రతి ఒక్కటీ ఆ ఊళ్ళో ఒక చోటును నిర్ణయించేది. మూడూ ఒకే పిల్లవాడిలో కలిసినప్పుడు అతనికంటూ సిద్ధంగా ఉన్న చోటు ఏదీ మిగలలేదు. అతని బాల్యాన్ని అర్థం చేసుకోవడానికి ముందు ఆ ఊరు ఏ విధంగా పొందికపడి ఉండేదో తెలుసుకోవాలి.

ఈ పరిశీలనకు ప్రధాన ఆధారం జాషువ ఆత్మకథ "నా కథ". అది 1960వ దశకంలో, కవి వృద్ధాప్యంలో, పద్యరూపంలో వెలువడింది. అరవై ఏళ్ళ తరువాత గుర్తుకు వచ్చే బాల్యం అప్పటికే ఒక అర్థాన్ని సంతరించుకొని ఉంటుంది. పద్యం దానికి మరికొంత ఉద్వేగాన్ని చేర్చుతుంది. అందువల్ల ఆత్మకథనూ, జీవితచరిత్రలలో స్థిరపడిన విషయాలనూ ఆ కాలపు వ్యవసాయ, మత, విద్యావ్యవస్థల చరిత్రతో సరిచూసుకుంటూ చదవడం అవసరం.

2. వినుకొండ – మెట్టనేల, ఊరి పొందిక:

జాషువ పుట్టేనాటికి వినుకొండ కృష్ణా జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. 1904లో గుంటూరు జిల్లా మళ్ళీ ఏర్పడినప్పుడు అందులో చేరింది. 2022 నుంచి పల్నాడు జిల్లాలో ఉంది. ఊరికి ఆనుకొని ఉన్న కొండమీద రామలింగేశ్వరాలయం ఉంది. సీతాపహరణవార్తను రాముడు విన్నచోటు గనుక ఇది "వినుకొండ" అయిందని స్థలపురాణం చెబుతుంది. పదిహేనో శతాబ్దపు "క్రీడాభిరామం" కర్తగా ప్రసిద్ధుడైన వినుకొండ వల్లభరాయుడి ఇంటిపేరులోనూ ఈ ఊరే ఉంది. అంటే ఇది తెలుగు సాహిత్యచరిత్రకు కొత్త ఊరు కాదు.

ఆర్థికంగా మాత్రం ఇది డెల్టాకు వెలుపలి ప్రపంచం. బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయిన తరువాత గుంటూరు, తెనాలి ప్రాంతాల దిగువ భూములు మాగాణులుగా మారాయి. వినుకొండ ఆ కాలువలకు ఎగువన ఉండిపోయింది. జొన్న, సజ్జ, వరిగ, కంది, ఆముదం, పత్తి వంటి వానాధారపు పైర్లే ఇక్కడి సేద్యం. పల్నాటి జొన్నకూటిపై శ్రీనాథుడి పేరుతో ప్రచారంలో ఉన్న చాటువులు ఈ నేల తిండిని ఎంత కటువుగా గుర్తుచేస్తాయో సాహిత్యవిద్యార్థులకు తెలుసు. వాన తప్పినప్పుడు మిగిలేది బావి ఒక్కటే.

ఆ బావి దగ్గరే ఊరి పొందిక స్పష్టంగా కనిపిస్తుంది. మోటబావి నుంచి నీరు తోడే తోలుతిత్తినీ, ఎడ్లకు కట్టే వారులనూ, రైతు చెప్పులనూ తయారుచేసేవారు మాదిగలు. అందుకు ప్రతిఫలంగా కళ్ళంలో ధాన్యం మేరగా లభించేది. మెట్టపొలానికి ఎరువు సమకూర్చేది గొల్లల గొర్రెలమంద. రాత్రిళ్ళు పొలంలో మంద కట్టించుకున్నందుకు రైతు గింజలు కొలిచేవాడు. సేద్యం దృష్ట్యా ఈ రెండు కులాల శ్రమా ఊరికి సమానంగా అవసరం. అయినా గొల్లల ఇళ్ళు ఊళ్ళో ఉండేవి, మాదిగల ఇళ్ళు ఊరికి వెలుపల వాడలో ఉండేవి. మాదిగ చేతితో కుట్టిన తిత్తి పైరుకు నీళ్ళు తోడవచ్చు, ఆ చేతితో ఊరి మంచినీళ్ళ బావిని తాకరాదు. తోలుపనితో నిలిచే వ్యవసాయం ఆ పనిచేసేవారిని అంచున నిలిపింది. ఇది ఒక్క వినుకొండకే ప్రత్యేకం కాదు, నాటి తెలుగు గ్రామాల సాధారణ నిర్మాణం. జాషువ విషయంలో ప్రత్యేకమైనదల్లా ఈ హద్దు అతని ఇంటి మధ్యనుంచే వెళ్ళడం.

3. ఒకే ఇంట్లో రెండు హద్దులు:

కులాంతర దాంపత్యంలో పుట్టిన బిడ్డను నాటి సమాజం కింది కులానికే చేర్చి లెక్కించేది. తండ్రి వైపు బంధుత్వం ఉన్నా ఊళ్ళో నిలిచే హక్కు అతనికి రాలేదు. వాడలో మాత్రం అతను తండ్రి వేరేచోటివాడైన బిడ్డ. "దళిత కవి" అనే మాట జాషువ సామాజికస్థానాన్ని సరిగానే సూచిస్తుంది. అయితే బాల్యంలో ఆయన అనుభవించిన ఇరుకును అది పూర్తిగా చెప్పదు. ఊరు, వాడ అనే విభజనలో వాడకు ఒక అంతర్గత ఐక్యత ఉంటుంది. జాంబవంతుణ్ణి మూలపురుషుడిగా, అరుంధతిని ఆడపడుచుగా చెప్పుకొనే మాదిగల కులపురాణాలు ఆ ఐక్యతకు గౌరవాన్ని ఇస్తాయి. క్రైస్తవుడై, తండ్రి కులం వేరైన బాలుడికి ఆ గౌరవంలో దక్కేది కూడా పాక్షికమే. తరువాతి కాలంలో "గబ్బిలం" కథానాయకుణ్ణి ఆయన అరుంధతీసుతుడిగా నిలపడాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. తల్లి వైపు వంశాన్ని కవి ఎంచి స్వీకరించిన సందర్భం అది.

ఇక్కడ ప్రాంతీయస్మృతి ఒకటి గమనార్హం. వినుకొండకు ఉత్తరాన కారెంపూడిలో ఏటా జరిగే పల్నాటి వీరుల ఉత్సవాలలో వీరవిద్యావంతులు బ్రహ్మనాయుడి కథ గానం చేస్తారు. కులభేదం లేకుండా అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన చాపకూడు, బ్రహ్మనాయుడు కొడుకుగా ఆదరించిన మాల కన్నమదాసు ఆ కథలోని ముఖ్యాంశాలు. ఆ గాథలు పాడే వీరవిద్యావంతులు మాలలు. అంటే సహపంక్తి భోజనం ఈ ప్రాంతానికి తెలియని ఊహ కాదు. అది పాటగా అందరికీ తెలుసు, ఆచారంగా మాత్రం ఎక్కడా లేదు. వినడానికి అంగీకరించిన దానిని ఆచరించడానికి అంగీకరించని ఈ స్థితి జాషువ జీవితంలో మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

4. బడి – చేరిన తరువాత మొదలైన దూరం:

జాషువ జీవితచరిత్రలు ఆయన తొలి బాల్యాన్ని పొలాల మధ్య ఆడుతూ గడిచిన సంతోషకాలంగా చెబుతాయి. బొమ్మలు గీయడం, పాటలు పాడడం అప్పటి నుంచే అలవాటు. కష్టాలు మొదలైనది బడిలో చేరిన తరువాత. ఉపాధ్యాయుల నుంచీ తోటి పిల్లల నుంచీ కులం పేరుతో అవమానాలు ఎదురయ్యాయి. అతను వాటిని సహించి ఊరుకోలేదు, హేళన చేసినవారిపై తిరగబడి కొట్టిన సందర్భాలు ఉన్నాయి.

ఈ క్రమాన్ని శ్రద్ధగా గమనించాలి. పొలంలో ఆడుకొనే పిల్లవాడికి తన స్థానమేదో ఎవరూ ప్రత్యేకంగా చెప్పవలసిన అవసరం రాలేదు. బడి అతణ్ణి లోపలికి రానిచ్చింది. రానిచ్చిన తరువాతే ఎక్కడ కూర్చోవాలి, ఎవరిని తాకరాదు అనే ప్రశ్నలు పుట్టాయి. మద్రాసు ప్రభుత్వం పంచముల విద్యకోసం ప్రత్యేక ఉత్తర్వులు జారీచేసింది 1893లో, అంటే జాషువ పుట్టడానికి రెండేళ్ళ ముందు. చట్టం బడి తలుపు తెరవగలిగింది. లోపలి బల్లల వరుసను మార్చే బలం దానికి లేదు. జాషువ తరం ఈ రెండింటి మధ్య పెరిగింది. పూర్తిగా బయట ఉంచిన ముందుతరానికి లేని బాధ ఒకటి ఈ తరానికి ఉంది. లోపల ఏముందో చూశాక, అది తమకు చెందదని వినవలసి రావడమే ఆ బాధ.

5. మిషను – మరో గడప:

వినుకొండ పరిసరాలలో క్రైస్తవం విస్తరించడానికి 1876–78 నాటి మహాక్షామం ఒక ముఖ్యసందర్భం. ఒంగోలు కేంద్రంగా పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంతభాగాన్ని గుత్తకు తీసుకొని కరవు బాధితులకు పని కల్పించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన ఘటన మిషను చరిత్రలో ప్రసిద్ధం. వారిలో అత్యధికులు మాదిగలు. గుండ్లకమ్మ వినుకొండ ప్రాంతం మీదుగానే ఒంగోలు వైపు పారుతుంది. గుంటూరు కేంద్రంగా లూథరన్ మిషను 1842 నుంచే పనిచేస్తూ ఉంది. ఈ మిషన్లు వాడకు చదువును, నెలజీతమనే కొత్త ఊహను తెచ్చాయి. కళ్ళంలో మేరకోసం ఎదురుచూడవలసిన అవసరం లేని జీవిక మొదటిసారి కంటికి కనిపించింది.

జాషువ 1910లో, పదిహేనేళ్ళ వయస్సులో, మేరీని వివాహమాడాడు. మిషను పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతంపై ఉపాధ్యాయుడిగా చేరాడు. జీతం ఎంత స్వల్పమైనా ఆ ఉద్యోగం అతనికి ఊరితో సంబంధం లేని ఒక గుర్తింపును ఇచ్చింది. అయితే ఈ గడపకూ తనదైన షరతు ఉంది. మిషను చదువు సువార్త చదవడానికి ఉద్దేశించినది. జాషువ మనస్సు కాళిదాసు వైపూ పురాణకథల వైపూ మళ్ళింది. ఆయన తొలి రచనలలో "రుక్మిణీకల్యాణం", "కుశలవోపాఖ్యానం", "ధ్రువవిజయం" ఉన్నాయి. హిందూ పురాణవస్తువుతో రచనలు చేస్తున్నాడన్న కారణంగా క్రైస్తవసమాజం నుంచి ఆయనకూ కుటుంబానికీ వెలి ఎదురైంది.

ఒక వర్గం పుట్టుకను చూసి కాదన్నది, మరొక వర్గం పుస్తకాలను చూసి కాదన్నది. రెండు నిరాకరణలూ సమానబలం కలవని చెప్పడం చరిత్రకు న్యాయం కాదు. కులం ఆంక్ష జీవితాంతం, అన్నిచోట్లా వెంటాడేది. మిషను ఆంక్ష ఒక సంస్థ పరిధికి లోబడినది, పైగా ఆ సంస్థే చదువునూ జీవికనూ ఇచ్చింది. అయినా రెండింటిలోనూ ఒక పోలిక ఉంది. రెండుచోట్లా అతని నుంచి కోరినది అతను తన ఇష్టాన్ని తన పుట్టుకకు తగినట్లు కుదించుకోవాలనే.

6. పద్యం బహిరంగంగా వినిపించిన ఊరు:

ఇరవయ్యో శతాబ్దం తొలి రెండు దశాబ్దాలలో పల్నాడు, నరసరావుపేట, వినుకొండ ప్రాంతాలలో పద్యం ప్రధానంగా వినోదంగా, పోటీగా, సభాకళగా జీవించింది. తిరుపతి వేంకటకవుల అవధానాలు తెలుగుదేశమంతటా ఈ కళకు ఆదరణ తెచ్చాయి. ఈ ప్రాంతంలోనే కొప్పరం అనే ఊరినుంచి కొప్పరపు సోదరకవులు ఆశుకవిత్వంలో పేరు పొందారు. ఈ రెండు జంటల మధ్య గుంటూరు సీమలో చెలరేగిన వివాదాలు సామాన్యులు సైతం ఆసక్తితో చర్చించుకున్నవే. అదే కాలంలో పద్యనాటకం ఊరూరా తిరిగింది. చదువురాని రైతు కూడా రాత్రంతా నాటకం చూసి పద్యాలు కంఠస్థం చేసుకొని మరునాడు పొలంలో పాడుకొనేవాడు.

దీని చారిత్రకప్రాధాన్యం ఇక్కడుంది. గ్రంథం ఇంటిలోపల ఉంటుంది. నీళ్ళు బావిలో ఉంటాయి. దేవుడు గర్భగుడిలో ఉంటాడు. ఈ మూడింటికీ కాపలా పెట్టవచ్చు. బహిరంగసభలో ఎత్తుగొంతుతో చదివిన పద్యానికి కాపలా పెట్టడం కష్టం. అంచున నిలబడినవాడికి కూడా అది వినిపిస్తుంది. వినిపించినదానిని జ్ఞాపకం ఉంచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

జాషువ ఈ మార్గంలోనే కవిత్వానికి దగ్గరయ్యాడు. తరువాతి కాలంలో కవిగా పేరుపొందిన దీపాల పిచ్చయ్యశాస్త్రి ఆయన బాల్యమిత్రుడు. జూపూడి హనుమచ్ఛాస్త్రి వద్ద జాషువ "మేఘసందేశం", "రఘువంశం", "కుమారసంభవం" చదువుకున్నాడు. ఒక బ్రాహ్మణపండితుడు అంటరానివాడిగా ముద్రపడిన యువకుడికి కాళిదాసును బోధించడం ఆనాడు సామాన్యవిషయం కాదు. వినుకొండను కేవలం అవమానాల స్థలంగా చిత్రించే కథనం ఈ గురుశిష్యసంబంధాన్నీ ఆ మైత్రినీ విస్మరిస్తుంది. వ్యవస్థ మూసిన తలుపులను వ్యక్తులు కొందరు ఓరగా తెరిచారు. కాని వ్యక్తి తెరిచిన తలుపు ఆ ఇద్దరి మధ్యనే తెరుచుకుంటుంది, సభలోకి దారి చూపదు. జాషువ, పిచ్చయ్యశాస్త్రి జంటకవులుగా రచన చేయాలని అనుకొని విరమించుకున్నారు. రెండు పేర్లూ జంటగా పలకడానికి కుదరలేదని ఒక కారణం చెబుతారు. కారణం ఏదైనా, జంటకవిత్వం రాజ్యమేలిన ఆ ప్రాంతంలో, ఆ కాలంలో, జాషువ ఒంటరి కవిగానే మిగిలాడు.

వినుకొండలో జరిగిన ఒక అవధానసభలో జాషువ పద్యాలు చదివినప్పుడు, తక్కువకులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు అభ్యంతరపెట్టారు. ఈ సంఘటన జాషువ జీవితచరిత్రలన్నిటిలోనూ ప్రముఖంగా కనిపిస్తుంది. మరొక సందర్భంలో మిత్రుడి పెళ్ళికోసం ఆయన రాసిన పద్యాలు ఆయనవి కావనీ, వేరెవరో రాసి ఇచ్చారనీ ఆక్షేపించారు. అప్పుడు ఆయన అక్కడికక్కడే ఆశువుగా పద్యాలు చెప్పి సమాధానమిచ్చాడు.

ఈ రెండు ఆక్షేపణల స్వభావం వేరు. మొదటిది మనిషి ఉనికిని కాదంటుంది, పద్యం గురించి మాట్లాడదు. రెండవది పద్యం బాగుందని ఒప్పుకొని, అది ఈ మనిషిది కాదంటుంది. మొదటిదానికి సమాధానం చెప్పే అవకాశం జాషువకు లేదు, ఎందుకంటే అక్కడ ప్రశ్నే పుట్టుకను గురించినది. రెండవదానికి మాత్రం సమాధానం సాధ్యం. గణాలు, యతి, ప్రాస నెరవేరాయా లేదా అన్నది అక్కడున్న ఎవరైనా చెవితో పరీక్షించుకోవచ్చు. ఆశువుగా చెప్పిన పద్యం వెనుక మరొక రచయితను ఊహించడం సాధ్యం కాదు. కులం సాక్ష్యం అడిగినచోట ఛందస్సు సాక్ష్యంగా నిలిచింది.

7. తెరచాటు గొంతు:

మిషను పాఠశాల ఉద్యోగం పోయిన తరువాత జాషువ రాజమండ్రి చేరి 1915–16లో సినిమావాచకుడిగా పనిచేశాడు. మాటలులేని చిత్రం తెరపై నడుస్తూ ఉండగా కథనూ సంభాషణలనూ ప్రేక్షకులకు వినిపించడం ఆ పని. జీవితచరిత్రలు దీనిని ఒక విచిత్రమైన మజిలీగా ఒక్క వాక్యంలో చెప్పి దాటుతాయి. వినుకొండ సభానుభవం పక్కన పెట్టి చూస్తే దీనికి వేరే ప్రాముఖ్యం కనిపిస్తుంది. చీకటిగా ఉన్న ప్రదర్శనశాలలో ప్రేక్షకుడికి కావలసినది గొంతు మాత్రమే. ఆ గొంతు ఎవరిదని అడిగి, ఆపించి, లేచి వెళ్ళిన సభ అది కాదు. ఊరు ఇవ్వని శ్రోతలను నగరపు చీకటి ఇచ్చింది.

తరువాత గుంటూరులో లూథరన్ చర్చి నిర్వహించిన ఉపాధ్యాయ శిక్షణాలయంలో సుమారు పదేళ్ళు పనిచేశాడు. ఉభయభాషాప్రవీణ పట్టా పొంది 1928 నుంచి 1942 వరకు అక్కడి ప్రభుత్వ ఉన్నతపాఠశాలలో తెలుగు పండితుడిగా ఉన్నాడు. 1957–59లో మద్రాసు ఆకాశవాణిలో కార్యక్రమ నిర్మాతగా పనిచేశాడు. బల్ల ఎక్కడ వేయాలో తెలియని విద్యార్థి పాఠం చెప్పే స్థానానికి చేరాడు. సభలో నిలవనివ్వని గొంతు రేడియోలో ఇంటింటికీ చేరే సంస్థలో భాగమైంది.

ఇంతకంటే విస్తృతమైన శ్రవణం రంగస్థలంపై జరిగింది. బలిజేపల్లి లక్ష్మీకాంతం రచించిన హరిశ్చంద్ర నాటకాన్ని తెలుగు పల్లెలు దశాబ్దాలపాటు ఆదరించాయి. దానిలోని కాటిసీనులో నటులు జాషువ శ్మశానవాటిక పద్యాలను చేర్చి పాడారు. మూలనాటకంలో లేని పద్యాలను ప్రజలు పట్టుబట్టి పాడించుకున్నారు. వాటిని మళ్ళీ మళ్ళీ పాడమని కేకలు వేసిన ప్రేక్షకులలో చాలామంది ఆ పద్యకర్తను తమ పంక్తిలో కూర్చోబెట్టుకొనేవారు కారు. చాపకూడు కథను విని ఆనందించిన నేలలోనే ఇది జరిగింది. పాట ముందు నడిచింది, ఆచారం వెనుకనే ఉండిపోయింది.

8. "గబ్బిలం" – ఊళ్ళోనే ఉన్న ప్రవాసి:

1941లో వెలువడిన "గబ్బిలం" కాళిదాసు "మేఘసందేశం" నమూనాను స్వీకరించిన కావ్యమన్నది ప్రసిద్ధం. హనుమచ్ఛాస్త్రి వద్ద నేర్చిన పాఠం మూడు దశాబ్దాల తరువాత ఈ రూపంలో తిరిగివచ్చింది. రెండు కావ్యాల భేదాన్ని విమర్శకులు ప్రధానంగా వస్తువులో చూశారు. అక్కడ విరహం, ఇక్కడ ఆకలి, అంటరానితనం. స్థలదృష్టితో చూస్తే మరొక భేదం బయటపడుతుంది.

యక్షుడు అలకాపురికి చెందినవాడు. శాపంవల్ల ఏడాదిపాటు దానికి దూరమయ్యాడు. గడువు తీరితే తిరిగివెళతాడు, అతని చోటు అతనికోసం వేచి ఉంటుంది. జాషువ కథానాయకుడు ఎక్కడికీ వెళ్ళలేదు. పుట్టినచోటనే ఉన్నాడు, అయినా దానికి వెలుపలే ఉన్నాడు. అతనికి గడువు లేదు, తిరిగివెళ్ళవలసిన ఊరూ లేదు. యక్షుడి దూరాన్ని కోసులలో కొలవవచ్చు. ఈ దూరం వాడకూ గుడికీ మధ్య ఉన్నంతే, దానిని నడిచి దాటడం మాత్రం సాధ్యం కాదు. అందుకే సందేశం ప్రియురాలికి కాక శివుడికి వెళుతుంది.

దూత ఎంపికలోనూ ఇదే తర్కం ఉంది. మేఘం ఆకాశంలో స్వేచ్ఛగా తిరిగేది, అందరూ ఎదురుచూసేది. గబ్బిలం ఇంట్లోకి వస్తే అశుభమని జనం భావించేది. పక్షులలో చేరదు, జంతువులలో చేరదు. అయినా గుడిచూరులో దానికి నివాసముంది. పూజారి సైతం వెళ్ళగొట్టలేని చోట, దేవుడి చెవికి దగ్గరగా అది తలకిందులుగా వేలాడుతుంది. గుడిలోకి మనిషికి లేని ప్రవేశం దానికి ఉంది. రెండు కులాల మధ్య పుట్టి, రెండు మతసమాజాల మధ్య పెరిగిన కవి, ఏ కోవకూ చెందని ప్రాణిని దూతగా ఎంచుకోవడం కేవలం వ్యంగ్యచమత్కారం కాదు. కొండమీది గుడిని కింద నుంచి చూస్తూ పెరిగిన బాల్యానికి ఆ ఎంపికతో సంబంధం ఉందనుకోవడం అసంగతం కాదు. దూత మోసుకుపోయేది వస్తువు కాదు, విన్నపం. ఇక్కడ కూడా హద్దు దాటేది మాటే.

9. పద్యాన్ని విడువకపోవడానికి కారణం:

జాషువ రచనాకాలంలో తెలుగు కవిత్వం వేగంగా మారింది. గిడుగు వ్యావహారికోద్యమం, భావకవిత్వం, ఆ తరువాత అభ్యుదయ కవిత్వం వరుసగా వచ్చాయి. వృత్తపద్యాన్ని విడిచిపెట్టడం ఆధునికతకు గుర్తుగా స్థిరపడింది. అణచివేతపై రాసిన జాషువ, అణచినవారి సొత్తుగా చెప్పుకొన్న ఛందస్సును ఎందుకు విడువలేదన్న ప్రశ్న సహజం. సంప్రదాయాభిమానం, గుర్తింపుకోసం తపన అనేవి సాధారణంగా చెప్పే సమాధానాలు. రెండింటిలోనూ కొంత నిజముంది, కాని అవి చాలవు.

ఛందస్సును విడిచిపెట్టే స్వేచ్ఛ, అది మొదటినుంచీ తనదేనని ఎవరూ సందేహించని కవికి సులభంగా లభిస్తుంది. అలాంటి కవి వచనకవిత రాస్తే ప్రయోగమంటారు. జాషువ అదే పని చేసి ఉంటే, పద్యం చేతకాక రాశాడని అనేవారు. పెళ్ళిపద్యాల సంఘటన తరువాత ఈ అనుమానాన్ని ఊహ అనలేము. ఆయనకు పద్యం ప్రతిసారీ సమర్పించవలసిన సాక్ష్యం. ఇది ఒక రకమైన భారం కూడా. ఆయన శైలిలో విమర్శకులు గుర్తించిన ధారాశుద్ధి ఆ భారాన్ని మోసినవాడి సాధనఫలితం.

రెండో కారణం శ్రోతలకు సంబంధించినది. ఆయన మాట చేరవలసినవారిలో చదువుకోనివారు ఎక్కువ. వాడలోనూ ఊళ్ళోనూ వారికి తెలిసిన ఉన్నతమైన వాక్కు రంగస్థలం మీద వినిపించే పద్యమే. అచ్చులో ఆధునికమైన కవిత నాటికి పట్టణపు పాఠకులను దాటి వెళ్ళలేదు. రాగం తీసి పాడే పద్యం కళ్ళం వరకు వెళ్ళింది. కాబట్టి రూపంలో సంప్రదాయం, వస్తువులో ధిక్కారం అనే జాషువ పద్ధతిని వైరుధ్యంగా కాక, ఒక వ్యవసాయ పట్టణపు శ్రవణసంస్కృతిలో పెరిగిన కవి చేసిన ఆచరణాత్మక నిర్ణయంగా గ్రహించవచ్చు.

10. ముగింపు:

జాషువకు 1964లో "క్రీస్తుచరిత్ర" కావ్యానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అదే సంవత్సరం ఆయన ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి నియమితుడయ్యాడు. ఒకప్పుడు పురాణకావ్యాల కారణంగా క్రైస్తవసమాజం దూరంపెట్టిన కవికి క్రీస్తు కావ్యంతో దేశస్థాయి గౌరవం రావడం గమనార్హం. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి ఆయన కాలికి గండపెండేరం తొడగడం, అవధానకళకు అధిపతి వంటి పండితుడి నుంచి వచ్చిన సమాధానంగా నిలిచింది. అయినా ఈ సత్కారాలు బాల్యపు అన్యాయాన్ని రద్దుచేశాయని చెప్పడం తొందరపాటు. సత్కారం ఒక వ్యక్తిని అంచునుంచి పైకి తెచ్చింది. అంచు మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఆయన చివరి రచనలలో ఒకటి 1966 నాటి "నాగార్జునసాగరం". 1955 డిసెంబరు 10న పునాది పడిన ఆ ప్రాజెక్టు కుడికాలువ పల్నాటి మెట్టనేలలకు నీరిచ్చే పథకం. జొన్నచేలు తప్ప తెలియని ప్రాంతంలో, ఊరిబావిని తాకరాని తల్లికి పుట్టిన కవి, ఆ నేలకు రాబోయే నీటిని కావ్యవస్తువుగా చేసుకున్నాడు. ఇమడనివ్వని ఊరితో సంబంధాన్ని ఆయన తెంచుకోలేదనడానికి ఇంతకంటే స్పష్టమైన ఆధారం అవసరం లేదు.

వినుకొండ జాషువకు ఛందస్సును వినిపించింది, కాళిదాసును చదివించింది, కొండమీది గుడిని చూపించింది. వీటిలో ఏ ఒక్కదానిలోనూ ఆయనకు కూర్చునే చోటు ఇవ్వలేదు. ఊరు ఇచ్చినదానినీ ఇవ్వనిదానినీ ఒకే లెక్కలో చూసినప్పుడే ఆయన బాల్యానికీ కావ్యానికీ మధ్య ఉన్న సంబంధం తెలుస్తుంది. ఈ పద్ధతిలో జాషువతో పాటు, అదే కాలంలో వాడల నుంచి వచ్చిన ఇతర కవుల ఊళ్ళనూ, వాటి బావులు, బడులు, నాటకపు పందిళ్ళతో సహా చదివితే, తెలుగు సాహిత్యచరిత్రలో ఇంకా రాయవలసిన భాగం ఎంత ఉందో స్పష్టమవుతుంది.